సమీక్షకుడితో ఒక ప్రేక్షకుడి పేచీ



శుక్రవారం ఉదయం సినిమా విడుదలవుతుంది. మధ్యాహ్నానికల్లా తీర్పు వచ్చేస్తుంది. 5కి 2.5, లేదంటే 5కి 2.75. ఆ అంకె కింద కారణాలు ఉంటాయి. సినిమా మారినా ఆ కారణాల్లో కొన్ని మాటలు మారవు. హీరో ప్రవేశం అతిగా ఉంది, నేపథ్య సంగీతం హోరెక్కువ, పాటలు కథకు అడ్డొచ్చాయి, హాస్యం కథతో పొత్తు లేకుండా సాగింది, మొత్తమ్మీద సహజత్వం లోపించింది. శ్రీకాకుళం సూర్యమహల్ జంక్షన్లోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో నిలబడి టీ తాగుతూ సినిమాల గురించి వాదించుకునే నాలాంటి ప్రేక్షకుడికి ఈ మాటలతో చాలాకాలంగా పేచీ ఉంది. అదేమిటో ఈ పూట మీ ముందు పెడతాను.

ముందే ఒక సంగతి చెప్పాలి. నచ్చని సమీక్ష రాసినవాళ్ళని ఫోన్లు చేసి బూతులు తిట్టే అభిమానం నాకు సరిపడదు. విడుదలైన మొదటి మూడు రోజులూ సమీక్షలు రాకుండా ఆపించమని 2024లో తమిళ నిర్మాతలు మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళారు. అలాంటి నిషేధాలు కూడా నాకు ఇష్టం లేదు. డబ్బు పెట్టి టికెట్ కొనేవాడికి ముందుగా ఒకరి అభిప్రాయం తెలియడం మంచిదే. పనికిమాలిన సినిమాని పనికిమాలిందని గట్టిగా చెప్పేవాళ్ళు ఉండాలి. నా తగువంతా కొలత దగ్గరే. బట్ట కొలిచే గజంబద్ద పట్టుకొచ్చి ధాన్యం కొలిస్తే లెక్క తేలదు, దానికి కుంచం కావాలి. మన సినిమా శైలిని కొలవడానికి సమీక్షకులు తెస్తున్నది గజంబద్ద అని నా ఫిర్యాదు.

ఎందుకలా అంటున్నానో చెప్పడానికి మిమ్మల్ని మన పల్లెల్లోని తూర్పు భాగవతం పందిరికి తీసుకెళ్తాను. విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో తరతరాలుగా ఆడుతున్న ఆట ఇది. ముఖ్యమైన ఆట భామాకలాపం. రాత్రి భోజనాలయ్యాక మొదలైతే తెల్లారేదాకా సాగుతుంది. సత్యభామ వేషం కట్టేది మగవాడే.

సత్యభామ ఎలా వస్తుందో గుర్తు చేసుకోండి. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకున్న తెర. తెర వెనక గజ్జెల చప్పుడు. మనిషి మాత్రం కనబడదు. ముందుగా జడ వస్తుంది. పొడవాటి జడ, దానికి నగలు, కుప్పెలు. ఆ జడని తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. అది అలంకారమే కాదు, సవాలు కూడా. నాకు సాటి వచ్చేవాళ్ళుంటే రండి అని విద్వాంసులకి విసిరే సవాలు. మద్దెల వాయించేవాడు ఊరుకుంటాడా? జతి వేస్తాడు. తెర వెనక కాళ్ళు దానికి జవాబు చెబుతాయి. అతను ఇంకో జతి ఇంకాస్త చిక్కుగా వేస్తాడు. దానికీ జవాబు వస్తుంది. జనం కూచున్న చోటు నుంచి ముందుకి జరుగుతారు. చెలికత్తె మాధవి వచ్చి, ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు, ఎవరి కూతురివి అని అడుగుతుంది. అప్పుడు తెర దిగుతుంది. ప్రవేశ దరువు మొదలవుతుంది. నేనెవరో, నా మగడెవరో, నా గొప్పేమిటో తన నోటితోనే పాడి, ఆడి చెబుతుంది.

ఇదంతా జరిగేసరికి చాలాసేపు గడిచిపోతుంది. కథ మాత్రం అంగుళం కదలదు. ఈ కాలపు సమీక్షకుడు ఆ పందిట్లో కూచుంటే ఏం రాస్తాడు? కథానాయిక ప్రవేశం సాగదీశారు, మద్దెల హోరెక్కువ, అసలు కథలోకి వెళ్ళడానికి ఆలస్యం చేశారు. పాత్ర రావడమే ఒక ఘట్టమని ఆ పందిట్లో నేల మీద కూచున్న ముసలమ్మకి తెలుసు. అది ఆమె కళాజ్ఞానం. పుస్తకాల్లో చదివి తెచ్చుకున్నది కాకపోవచ్చు, కానీ ఆమెకి అందులో తప్పూ ఒప్పూ తెలుసు. జతి తప్పితే ఆమె మొహం చిట్లుతుంది. అభినయం చాలకపోతే నిద్రపోతుంది.

హరికథ సంగతీ అంతే. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మన బొబ్బిలి దగ్గర అజ్జాడ మనిషి. 1919లో విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాలకి మొదటి అధ్యక్షుడు ఆయనే. ఒక్కడే మనిషి, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు. ఆయనే రాముడు, ఆయనే రావణుడు, ఆయనే మధ్యలో ఆగి మనతో మాట్లాడే దాసుగారు. కథ ఆపి పిట్టకథ చెబుతాడు. పిట్టకథ కథతో పొత్తు లేకుండా సాగిందని ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. రావణుడి కోపం పతాకస్థాయిలో ఉన్నప్పుడు మనసుకి ఊపిరి తీసుకోడానికి అది కావాలి. తిరిగి కథలోకి ఎంత నేర్పుగా వచ్చాడన్నదే అక్కడ పరీక్ష. ఇక పద్యనాటకం. రామభద్రపురం పీసపాటి నరసింహమూర్తిగారు కృష్ణుడి వేషంలో రాయబారం పద్యం ఎత్తుకుంటే వన్స్ మోర్ అని అరిచిన జనం ఇక్కడివాళ్ళే. కృష్ణుడు కౌరవసభలో నిలబడి ఒకే పద్యం రెండోసారి పాడితే కథ నమ్మశక్యం కాకుండా పోతుందని వాళ్ళకి అనిపించలేదు.

ఈ మనుషులే సినిమా హాల్లోకి వచ్చారు. వీళ్ళ కోసమే తెలుగు సినిమా పుట్టింది. హీరో ప్రవేశానికి ఈలలు వెయ్యడం, పాటకి లేచి ఆడటం ఎవరో స్టార్ నేర్పిన దురలవాటు అనుకుంటే పొరపాటు. దాని వయసు మన సినిమా వయసుకంటే చాలా ఎక్కువ.

సరే, సమీక్షకుడి గజంబద్ద ఎక్కడిదో కూడా చూడాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీ నుంచి 'బైసికిల్ థీవ్స్' లాంటి సినిమాలు వచ్చాయి. కలకత్తాలో 1947లో ఫిల్మ్ సొసైటీ పెట్టుకున్న సత్యజిత్ రాయ్ 1955లో 'పథేర్ పాంచాలి' తీశారు. గొప్ప సినిమాలు. నాకూ ప్రాణం. అసలైన వీధులు, అసలైన వెలుతురు, నటనలా కనబడని నటన. ఆ తర్వాత దేశంలో సినిమా గురించి చదువుకుని రాసేవాళ్ళకి మంచి సినిమా అంటే అదే నమూనా అయిపోయింది. తక్కువగా మాట్లాడాలి, తక్కువగా ఏడవాలి, కెమెరా ఉన్నట్టు తెలియకూడదు. ఇది ఒక శైలి. చాలా శైలుల్లో ఒకటి. దాన్ని శైలి అని కాకుండా సత్యం అని పిలవడం మొదలుపెట్టాక మిగతావన్నీ అబద్ధాలైపోయాయి. అదే రాయ్ 1969లో 'గూపీ గాయేన్ బాఘా బాయేన్' తీసి పాటలతో, దయ్యాల నాట్యంతో నింపేశారని మనవాళ్ళకి గుర్తుండదు.

వాస్తవికత బయటి సరుకని నేననను. అలా అంటే గురజాడకే అపచారం. 1892లో విజయనగరంలో మొదట ఆడిన 'కన్యాశుల్కం' ఈ వీధుల్లో మనుషులు మాట్లాడే భాషని ఉన్నదున్నట్టు రంగస్థలం ఎక్కించింది. తెలుగులో వాస్తవికతకి పుట్టిల్లు ఏదని ఎవరైనా అడిగితే విజయనగరం వైపు వేలు చూపించవచ్చు. అయితే ఆ నాటకాన్ని మళ్ళీ చదవండి. గిరీశం మాట్లాడే ప్రతి మాటా ఒక ప్రదర్శనే. మధురవాణి ఇంట్లో నడిచే రంగాలు కథని ముందుకి తోస్తున్నాయా లేక మనల్ని అక్కడే కూచోబెట్టి ఆడిస్తున్నాయా? గురజాడకి తొందర లేదు. 1955లో పి. పుల్లయ్యగారు దాన్ని సినిమాగా తీసినప్పుడు నాటకాన్ని ప్రాణంగా చూసుకునే వాళ్ళకి మార్పుల మీద, పాటల మీద అభ్యంతరాలు వచ్చాయి. కొన్ని న్యాయమైనవే. కానీ ఆ సినిమాకి సంగీతం ఘంటసాల. విజయనగరంలో మధూకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాట నేర్చుకున్న ఘంటసాల. గురజాడ పూర్ణమ్మ కథ ఆయన గొంతులో విన్నాక అది సినిమాకి అతికించిన పాట అని నా మనసుకి ఎప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు ఏ సమీక్షకుడూ కాదనని ఒక సినిమాలోకి వెళ్దాం. 1957 నాటి 'మాయాబజార్'. 2013లో ఒక జాతీయ టీవీ ఛానల్ ఓటింగ్ పెడితే ప్రేక్షకులు దాన్నే అత్యుత్తమ భారతీయ చిత్రంగా ఎన్నుకున్నారు. అందులో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉండి పాడే పెళ్ళిపాట ఉంది కదా. సావిత్రి శరీరం, లోపల రాక్షసుడు. సుశీల గొంతుతో వయ్యారంగా సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి ఘంటసాల గొంతు వచ్చేస్తుంది. ఆ క్షణంలో సావిత్రి భుజాలు చూడండి. వెడల్పవుతాయి. అడుగు బరువెక్కుతుంది. కళ్ళల్లో ఒక మగ పొగరు మెరిసి, మళ్ళీ ఆడపిల్ల ఒద్దికలోకి జారుకుంటుంది. దీంట్లో సహజత్వం ఎక్కడుంది? ఏ ఇంట్లో ఏ పెళ్ళికూతురు ఇలా పాడుతుంది? అయినా మనం నోరు తెరుచుకుని చూస్తాం, పండితులూ చూస్తారు. తూర్పు భాగవతంలో మగవాడు సత్యభామ అయ్యే విద్యనే ఇక్కడ ఒక నటి తిరగేసి ఆడింది. పైగా ఆ రెండు గొంతుల్లో ఒకటి విజయనగరంలో చదువుకున్నది, రెండోది విజయనగరంలో పుట్టినది.

మాయాబజార్‌కి దక్కిన మన్నన ఈనాటి సినిమాకి ఎందుకు దక్కదు? పాతబడితే శైలి అంటాం, కొత్తదైతే అతి అంటాం. ఇది విమర్శ కాదు.

'ఆర్ఆర్ఆర్' వచ్చినప్పుడు, 2022 మార్చిలో, ఈ తేడా బాగా బయటపడింది. మన దగ్గర చాలామంది రాసిన మాట, నమ్మశక్యంగా లేదు అని. భౌతికశాస్త్రం ఒప్పుకోదు అని. ఆ ఏడాది చివర న్యూయార్క్ విమర్శకుల సంఘం రాజమౌళిని ఉత్తమ దర్శకుడిగా ఎంచుకుంది. మరుసటి ఏడాది మార్చిలో నాటు నాటు పాటకి ఆస్కార్ వచ్చింది. పరాయివాళ్ళు మెచ్చారు కాబట్టి గొప్పది అని నా వాదన కాదు. ఆ మెప్పు లేకపోయినా నాకు పోయేదేం లేదు. అక్కడివాళ్ళు అదేమిటి, ఎలా పనిచేస్తోంది అని చూశారు. మనవాళ్ళు అది ఏం కాలేదో లెక్కపెట్టారు.

అందులో రామరాజు ప్రవేశం తీసుకుందాం. ఢిల్లీ బయట పోలీసు ఠాణా, కంచె అవతల వేలమంది జనం. దొర ఒక మనిషిని చూపించి పట్టుకురమ్మంటాడు. మిగతా పోలీసులు వణుకుతూ నిలబడితే రామరాజు కంచె దూకి ఆ జనసముద్రంలో పడతాడు. దెబ్బలు తింటాడు, కిందపడతాడు, మట్టిలో కూరుకుపోతాడు, మళ్ళీ లేస్తాడు. ఆ ఒక్క మనిషినే ఈడ్చుకొస్తాడు. జరగదా? జరగదు. కానీ ఆ ఘట్టం ముగిసేసరికి మనకి ఎన్ని తెలిశాయి? ఇతను ఒక పని పట్టాడంటే తన శరీరాన్ని కూడా లెక్కచెయ్యడు. ఎవరి తరఫున కొడుతున్నాడో ఆ దొరలే ఇతన్ని చూసి భయపడుతున్నారు. ఇంత చేసినా పదోన్నతి ఇవ్వరు, అతను ఆ కోపం ఇసుకబస్తా మీద చూపిస్తాడు. ఇతని గుండెలో ఇంకేదో ఉంది. ఇది ప్రవేశ దరువు. మాధవి అడిగిన ప్రశ్నలన్నిటికీ మాట లేకుండా జవాబు చెప్పిన దరువు.

సమీక్షకుడు కుంచం పట్టుకుంటే ఏం చెయ్యగలడో ఇక్కడే తెలుస్తుంది. ప్రవేశం అతిగా ఉందా లేదా అన్న ప్రశ్న వదిలేస్తాడు. ఈ ప్రవేశం మనలో ఒక ప్రశ్న పుట్టించిందా, దానికి జవాబిచ్చిందా అని అడుగుతాడు. అలా అడిగితే ఈ రోజుల్లో వస్తున్న చాలా పెద్ద సినిమాలు నిలబడవు. కారు తలుపు తెరుచుకుంటుంది, బూటు నేల మీద పడుతుంది, పొగ లేస్తుంది, పది వైపుల నుంచి మొహం చూపిస్తారు, డప్పులు మోగుతాయి. అంతా అయ్యాక కూడా ఆ మనిషెవరో మనకి తెలియదు. స్టార్ ఎవరో తెలుసు, పాత్ర ఎవరో తెలియదు. తెర ముందు మాధవి లేదు, మద్దెలతో పందెం లేదు, జడ ఒక్కటే ఉంది. మా పల్లె ముసలమ్మ అయితే అక్కడే నిద్రపోతుంది. ఈ మాట సమీక్షకుడు రాస్తే నేను కట్ చేసి దాచుకుంటాను. స్లో మోషన్ ఎక్కువైంది అని రాస్తే మాత్రం నాకేం తెలిసినట్టు? ఏ అడుగు దగ్గర వేగం తగ్గించారు, అక్కడ తగ్గించాల్సిన అవసరం ఏముంది అని చెప్పినప్పుడే నాలాంటివాడి చూపు పదునెక్కుతుంది.

పాటల గురించి రెండు మాటలు. మన సమీక్షకులు పాటకి సాకు అడుగుతారు. 2020లో వచ్చిన 'పలాస 1978'లో పాటలు మెచ్చుకున్నారు. అందులోని అన్నదమ్ములది పాడుకునే కుటుంబం కాబట్టి పాట ఉన్నా ఇబ్బంది పడలేదు. కరుణ కుమార్ తీసిన ఆ సినిమా నాకూ ఎంతో ఇష్టం. జీడిపప్పు బట్టీల ఊరు తెరమీద కనబడితే ఎవరికి సంతోషం ఉండదు? కానీ మా దగ్గర పాటకి సాకు అక్కర్లేదు. ఊడ్పులకి పాట, వేటకి పాట, ఊరేగింపుకి పాట. పార్వతీపురం ప్రాంతపు వంగపండు ప్రసాదరావుగారు సభలో నిలబడి ఉపన్యాసం ఇవ్వాల్సిన చోట పాట పాడేవారు, జనానికి విషయం బాగా అర్థమయ్యేది. గౌతమ్ ఘోష్ 'మా భూమి' తీసినప్పుడు కూడా, అది ఎంత వాస్తవిక చిత్రమైనా, జనం ఇంటికి పట్టుకెళ్ళింది గద్దర్ పాట. ఇంత బలమైన సాధనాన్ని కథకి అడ్డు అని ఒక్క ముక్కలో తీసిపారెయ్యడం నాకు మింగుడుపడదు.

ఇప్పుడు ఇంకో వైపు. సహజత్వం పేరు చెప్పి మార్కులు వేసేవాళ్ళు సహజత్వాన్ని కూడా సరిగ్గా చూడరు, ఇది నాకు ఎక్కువ బాధ. 2025 ఫిబ్రవరిలో 'తండేల్' వచ్చింది. మన శ్రీకాకుళం జిల్లా కథ. ఇంత పొడవు తీరం ఉన్నా సరైన చేపలరేవు లేక కె. మత్స్యలేశం లాంటి ఊళ్ళ నుంచి గుజరాత్ వెరావల్ దాకా పోయి, అక్కడ బోట్ల మీద కూలికి వేట చేసే మనుషుల కథ. 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చినవాళ్ళ కథ. సమీక్షలు చదివాను. ప్రేమకథ బాగుంది, జైలు భాగం తేలిపోయింది అన్నారు. జైలు భాగం గురించి నాదీ అదే అభిప్రాయం. మరి యాస? సిక్కోలు యాస చక్కగా పలికారు అని ఒక్క వాక్యంతో సరిపెట్టినవే ఎక్కువ.

చక్కగా పలికారో లేదో ఎవరు చెప్పాలి? మా వచ్చీసినాడు, తినీసినాడు, ఏటి బావూ అన్న మాటలు పట్టుకుంటే యాస వచ్చేసినట్టు కాదు. వాక్యం చివర గొంతు ఎక్కడ లేస్తుందో, మాట ఎక్కడ సాగుతుందో అది యాస. పలాస మాట, బొబ్బిలి మాట, తీరం మీద వేటగాళ్ళ మాట ఒకటి కావు. నాగచైతన్య చాలా కష్టపడ్డాడు, కొన్ని రంగాల్లో, ముఖ్యంగా కోపంలో, మాట మా మాటలాగే పడింది. మెత్తగా మాట్లాడే చోట జారిపోయింది. దశాబ్దాల పాటు మా యాసని నౌకర్లకీ, నవ్వించే వేషాలకీ కట్టబెట్టిన సినిమాలో ఒక కథానాయకుడు దాన్ని నెత్తిన పెట్టుకోవడం నాకు గర్వంగా ఉంది. అందుకే అది ఎక్కడ నిలబడిందో ఎక్కడ జారిందో ఎవరైనా వివరంగా రాస్తారని ఎదురుచూశాను. అదే సినిమాలో శ్రీముఖలింగం శివరాత్రిని తలపించే శివుడి పాట వచ్చినప్పుడు మా హాల్లో ఆడవాళ్ళు దండం పెట్టారు. అంతమంది నర్తకులు, అన్ని రంగులు, పెద్ద డ్రమ్ములు. నిజానికి ఆ పాటలో మా ఊరు నాకు యాసలో కంటే ఎక్కువగా కనబడింది.

తెలుగులో సినిమా గురించి రాసినవాళ్ళందరూ ఇలా ఉన్నారని అనను. శ్రీకాకుళంలో పెరిగిన రావి కొండలరావుగారు ఉండేవారు. నాటకం ఆడినవాడు, రాసినవాడు, 'విజయచిత్ర' పత్రికలో ఏళ్ల తరబడి సినిమా గురించి రాసినవాడు. 'పెళ్ళి పుస్తకం' కథ, 'భైరవద్వీపం' కథ ఆయనవే. ఒకటి నడింట్లో జరిగే కథ, ఇంకోటి గాల్లో ఎగిరే కథ. రెండూ ఒకే మనిషికి వచ్చాయంటే రెండు కొలతలూ ఆ చేతిలో ఉండటం వల్లే. పందిరి కింద పెరిగిన మనిషికి అది కష్టం కాదు.

కాబట్టి సినిమా సమీక్షలు రాసే మిత్రులకి, ముఖ్యంగా ఇప్పుడిప్పుడే రాయడం మొదలుపెట్టిన కుర్రవాళ్ళకి, నాదొక మనవి. మీరు ప్రపంచ సినిమా చూడండి, ఇంకా చూడండి. దాంతోపాటు విజయనగరం జిల్లాలో ఎక్కడైనా తూర్పు భాగవతం ఆడుతున్నారని తెలిస్తే ఒక రాత్రి వచ్చి కూచోండి. ఆ మేళాలు తగ్గిపోతున్నాయి, ఆలస్యం చెయ్యకండి. సాలూరులోనో, పలాసలోనో రెండో ఆట సినిమా ఒకటి జనంతో కలిసి చూడండి. వాళ్ళు ఎక్కడ అరిచారో అందరూ రాస్తారు, ఎక్కడ నిశ్శబ్దమైపోయారో అది గమనించి రాయండి. ఆ తర్వాత 5కి 1 ఇచ్చినా సరే, చదవడానికి నేను సిద్ధం.